మంచం మీద తొంగున్నోడు

పోయినోరం సదవనోళ్ళకి బేగి సెప్పెత్తాను. సదివినోళ్ళు ఈలోగా ఓ బీడీ ముట్టించుకోండి.

ఆనందపురం దాటి తగరపువలస ఎల్తంటే రోడ్డు వారనే పెంకులేసిన ఆసుపత్రొకటి ఉన్నాది కదా, అదే మన కత. పది మంచాలు, డాక్టరమ్మ సూర్యకళ గారు, సిస్టరు జ్యోతిర్మయి, ఒక పాత జీపు. ఆ జీపుకి డ్రైవరూ నానే, గేటుకి కాపలావోడినీ నానే, పోలిరాజుని. జాగా ఇచ్చి కట్టించిన తల్లి ఆదిలక్ష్మమ్మ గారు. ఆవిడ పెట్టిన ట్రస్టుకి శ్రీరామ్మూర్తి సెక్రటరీ. హైవే నాలుగు లైన్లు సేత్తారని తెలిసిన కాడ్నించి ఈ బాబుకి నిద్దర లేదు. వార్డు మూసీసి కల్యాణమండపం కట్టీయాలంట. కాన్పులు జరిగే కాడ పెళ్ళిళ్ళు సేత్తాడంట, ఎనకముందు తెలీని మనిషి. పోయినోరం ఆవిడ దగ్గరికెల్లి, "ఆ వార్డులో రోగుల్లేరమ్మా, ఈగలున్నాయి" అనీసినాడు. ఆవిడ అంది: "అలగైతే పట్నం నుంచి తెలిసిన డాక్టర్ని తీసుకురా. నానూ వొత్తాను. రోగులుంటే వార్డుంటాది. లేపోతే తాళం నీది."

లచ్చివారం, అదే గురువారం, పొద్దున్న పదింటికి వొచ్చేరు.

ముందు కారులోంచి బూట్లు దిగేయి. ఎనకాల సెంటు వాసన దిగింది. ఆఖర్న డాక్టర్ సాయిశంకర్ దిగేడు. పట్నంలో పెద్ద గుండె డాక్టరంట. మెడలో స్టెతస్కోపు, సేతిలో నీళ్ళ సీసా, ముక్కుకి జేబురుమాలు. మా ఆసుపత్రి డెట్టాలు వాసనొత్తాది, ఒప్పుకుంటాను. నెత్తళ్ళ సేపల వాసన కూడా వొత్తాది. ఇచ్చుకోడానికి ఏటీ లేనోళ్ళు ఎండు నెత్తళ్ళు ఇచ్చి ఎల్తారు, డాక్టరమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంటాది. ఈయన ఆ వాసనకే సగం సచ్చిపోయినట్టు మొగం ఎట్టేడు. ఆయన పక్కన సఫారీ సూటులో శ్రీరామ్మూర్తి, పెళ్ళికొడుకు పక్కన తోడిపెళ్ళికొడుకులాగ. ఎనకాల కర్ర పట్టుకుని ఆదిలక్ష్మమ్మ గారు.

ఆ యేళకి డాక్టరమ్మా, సిస్టరూ కాన్పు గదిలో ఉన్నారు. ఓ పిల్ల నొప్పులతో గోల పెడతన్నాది. బొడ్డు కొయ్యకుండా బైటికి రాలేమని కబురెట్టేరు.

"అప్పటిదాకా మేం ఎండలో నిలబడాలా?" అన్నాడు సాయిశంకర్.

"ఎందుకు బాబూ, నాను సూపిత్తాను రండి" అన్నాను. అక్కడే నా బుద్ది అడ్డం తిరిగింది.

మీకొక సంగతి సెప్పాలి. ఈ సుట్టుపక్కల ఊళ్ళోళ్ళు, ఆ సముద్రం వార సేపలోళ్ళయితే మరీనూ, జబ్బు మనిషిని మంచం మీద తొంగోబెట్టరు. గచ్చు మీద సాపేసి తొంగోబెడతారు, మంచం కింద. సల్లగుంటాది, పడిపోతామన్న బయం ఉండదు. బాలింతనైతే పురుడు స్నానం అయ్యేదాకా మంచం ఎక్కనీరు. ఈగలు రాకుండా మంచం అంచుకి పాత సీర కట్టి పరదా దించుతారు. మరి మంచం మీదెవరు? తోడొచ్చినోళ్ళు. ఎందుకంటే జబ్బు మనిషున్న కాడ మంచం ఖాళీగా ఒగ్గీకూడదు. ఒగ్గేత్తే దాని మీద ఎవడొచ్చి తొంగుంటాడో తెల్సా? యముడు. అందుకనే రాయిలాంటి మనిషిని సూసి మంచమెక్కిత్తారు. యముడొచ్చి సూసి, ఖాళీ లేదని ఎల్లిపోతాడు.

డాక్టరమ్మ వొచ్చిన కొత్తలో పోట్లాడింది. ఆర్నెల్లు పోట్లాడి, ఆఖరికి తనే కిందకి ఒంగోడం నేర్సుకున్నాది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూకుని, పరదా ఎత్తి, రోగుల్ని సూత్తాది. ఆవిడ సీర మోకాళ్ళ కాడెప్పుడూ మాసిపోయుంటాది. ఎక్కడో సదూకున్న పిల్ల అంత నేర్సుకుంటే, ఇదే ఊళ్ళో పుట్టిన శ్రీరామ్మూర్తికి ఇది తెలీదేటంటారా? తెల్సు. సఫారీ ఏసిన కాడ్నించి కిందకి సూడ్డం మానీసినాడు, అంతే.

నాను నోరిప్పి "రోగులు కిందున్నారు బాబూ" అంటే ఏ గొడవా లేకపోను. అన్లేదు. సూద్దాం ఏటి సేత్తాడో అనుకున్నాను.

మొదటి మంచం మీద తాతబాబున్నాడు. బీమిలి అవతల పాలెం ఆడిది, పట్నం ఫిషింగ్ హార్బర్లో మరపడవ మీద ఎల్తాడు. నాలుగ్రోజుల కిందట ఆడి పెళ్ళాం రాధ నొప్పుల్లో ఫిట్సొచ్చి నురగలు కక్కతంటే నానే జీపులో ఎత్తుకొచ్చేను. డాక్టరమ్మ తల్లినీ బతికించింది, గుంటనీ బతికించింది. ఆళ్ళిద్దరూ పరదా ఎనకాల కింద ఉన్నారు. పైన ఈడు, వల మూటొకటి తలకింద ఎత్తుగా ఎట్టుకుని, సగం కూకుని సగం తొంగుని ఉన్నాడు. ఎప్పుడూ అలాగే. రాత్రుళ్ళు లేచి కూకుంటాడు కూడాను. "పెళ్ళానికి కాపలా కాత్తన్నావేట్రా దొరబాబూ" అని నాను ఏడిపిత్తంటాను. ఆవేళ సాయంత్రం నాలుక్కి ఆడి పడవ బయల్దేరతాది, మళ్ళీ పదిహేను రోజులికి గానీ ఒడ్డు సూడదు.

సాయిశంకర్ మంచం దగ్గరికొచ్చేడు. ఎనకాల్నించి నాను తాతబాబుకి కన్ను గీటేను. ఆయనేటి సెప్పినా తలూపు అని సైగ సేసేను. ఆడికి అర్దమైపోనాది. ఆడూ మనోడే కదా.

"ఏంటి ప్రాబ్లం?"

"మీరే సెప్పాల బాబూ" అన్నాడు తాతబాబు, ఏడుపు మొగం ఎట్టి.

ఆయన స్టెతస్కోపు బిళ్ళ ఆడి సొక్కా మీదానించేడు. ఒక ఏలు దూరాన్నించి, అంటుకుంటాదేమో అన్నట్టు. ఇక్కడ జాగర్తగా ఇనండి. ఆ గొట్టాలు ఆయన మెడలోనే ఉన్నాయి. సెవుల్లో పెట్టుకోలేదు. నా రెండు కళ్ళతోటీ సూసేను, సిమ్మాచలం అప్పన్న సాచ్చిగా. రెండు లెక్కలెట్టేలోగా తీసీసి, ఒక సీటీ మీద బరబరా గీకి మంచం మీద పడేసేడు.

"గుండెలో మర్మర్ ఉంది. శబ్దం. రెస్ట్ తీసుకో."

"సిత్తం బాబూ."

రెండో మంచం మీద జగ్గారావు. స్టీలు ప్లాంటులో కంట్రాక్టు పని, నైటు డూటీ సేసొచ్చి గుర్రెట్టి తొంగున్నాడు. కింద ఆళ్ళమ్మ అసిరమ్మకి వాంతులూ యిరేసనాలు, సెలైనెక్కతన్నాది. సెలైను గొట్టం మంచం పక్కనించి కిందకి దిగిందని కూడా సూడలేదు మన దొరగారు. "గుండెలో మర్మర్. రెస్ట్." మూడో మంచం మీద గవర్రాజు, ఆనందపురంలో పూలతోట. కింద ఆడి తండ్రి. "మర్మర్. రెస్ట్."

మూడు సీటీలూ నాను ఏరుకుని జేబులో ఎట్టుకున్నాను. నాకు ఇంగిలీసు రాదు. ఐదో క్లాసు రెండేళ్ళు సదివినా అది నా ఒంటికి పట్టలేదు. రాత తెలీకపోతే ఏటి, బొమ్మ తెలీదా? మూడిట్లోనూ బొమ్మ ఒకటే.

గుమ్మం కాడ కుర్సీలో కూకున్న ఆదిలక్ష్మమ్మ గారు పవిట సెంగు నోటికి అడ్డం ఎట్టుకున్నారు. ఆవిడకి తెలిసిపోనాది. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ కూడా సెప్పలేదు సూడండి!

అప్పుడు మొదటి మంచం కింద గుంట కేరుమన్నాది.

సాయిశంకర్ ఎగిరి అడుగెనక్కేసేడు. నీళ్ళ సీసా జారిపోనాది. పరదా పక్కకి జరిగింది, రాధ తలకాయ బైటికొచ్చింది. "ఏటి బాబూ, మా ఆయనకి రోగమా? మరి నాలుగ్రోజుల్నించి సెలైనులు నాకెందుకెక్కిత్తన్నారు?" అన్నాది. దాని ఎనకాలే అసిరమ్మ పరదా ఎత్తింది. ఆ పక్కన గవర్రాజు తండ్రి. ఒక్కో మంచం కిందనించీ ఒక్కో తలకాయ. సంతలో బుట్టల్లోంచి కోళ్ళు తలలెట్టినట్టు.

జగ్గారావు నిద్దర్లోంచి లేచి, "ఏటైపోనాది? డూటీ టైమైపోనాదా?" అన్నాడు.

ఇంక సూసుకోండి, వార్డంతా ఒకటే నవ్వు. ఆదిలక్ష్మమ్మ గారైతే కర్ర కింద పడీసి నవ్వేరు. "శ్రీరామ్మూర్తీ, ఈగలన్నావు. ఇయ్యేనా ఈగలు?" అన్నారు.

శ్రీరామ్మూర్తి మొగం ఉడకేసిన పీతలాగైపోనాది. "అది కాదమ్మా, ఇదంతా ఈ పోలిరాజుగాడి నాటకం..."

"నాటకం నాదా బాబూ?" అన్నాను. జేబులోంచి మూడు సీటీలూ తీసేను. అప్పుడే సిస్టరు జ్యోతిర్మయి సేతులు తుడుసుకుంటూ వొచ్చింది, ఎనకాలే డాక్టరమ్మ. "ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు" అంది సిస్టరు. సీటీలు సిస్టరు సేతిలో ఎట్టేను. "సదువమ్మా, గట్టిగా సదువు."

సదివింది. మూడూ సదివింది. "ఒకటే రాసేరు" అంది.

"మూడు గుండెలు, ఒకటే గరగర" అన్నాను. "పట్నం డాక్టర్లకి ఒక రోగమే సప్లై వొత్తాదేమో."

మళ్ళీ నవ్వులు. సాయిశంకర్ సెవులు ఎర్రబడ్డాయి. వాడకపోయినా ఎర్రబడతాయన్నమాట. ఆ మనిషి తల దించుకుని ఎల్లిపోతే అయిపోను. అలాటోళ్ళు తల దించరు. మెడలో ఆ గొట్టం ఉన్నంతసేపూ ఆళ్ళ తల కిందకి రాదు.

"చూడండి మేడమ్" అన్నాడు ఆదిలక్ష్మమ్మ గారితోటి. "మిగతా ఇద్దరి సంగతి వదిలెయ్యండి. ఈ మొదటివాడికి మాత్రం గుండె జబ్బు ఉంది. నా పాతికేళ్ళ ప్రాక్టీసు మీద చెప్తున్నాను. నాలుగు రోజులుగా ఒక హార్ట్ పేషెంట్ మీ డాక్టరమ్మ తల మీద పడుకుంటే ఆవిడకి తెలీలేదు. ఇదేం ఆసుపత్రి?"

"అదీ!" అన్నాడు శ్రీరామ్మూర్తి.

డాక్టరమ్మ మాట్లాడబోయింది. నాను ఆగితేనా? నవ్వులు ఇంకా సెవుల్లో ఉన్నాయి. సారా ఎక్కినట్టుంటాది నాకు జనం నవ్వితే.

"పందెం బాబూ!" అన్నాను. నడుంకున్న తాళాల గుత్తి తీసి గాల్లో ఆడించేను. "మా తాతబాబుది స్టీలు ప్లాంటులో పోతపోసిన గుండె. డాక్టరమ్మ ఇక్కడే, అందరి ముందూ సూత్తాది. రోగముందంటే గుత్తి మీది, వార్డు మీది. లేదంటే మీరు ఆ బూట్లిప్పి సేత్తో పట్టుకుని కారెక్కాల."

"పోలిరాజూ, నోరుముయ్యి" అంది డాక్టరమ్మ.

ఆలస్యమైపోనాది. ఆదిలక్ష్మమ్మ గారు కర్ర అందుకున్నారు. "బాగానే ఉంది. నాకు ఈ పట్నం మాటలు అర్దం కావు. సూర్యకళ అబద్దమాడదు. సూడమ్మా. నువ్వేటి సెప్తే అదే ఆఖరు మాట. అందరూ ఒప్పుకున్నట్టేనా?"

శ్రీరామ్మూర్తి ఎనకాముందు ఆడేడు. సాయిశంకర్ వైపు సూసేడు. "ఒప్పుకున్నాం" అన్నాడు.

డాక్టరమ్మ తాతబాబు పక్కన కూకున్నాది. గొట్టాలు సెవుల్లో ఎట్టుకున్నాది. సొక్కా ఇప్పించింది. బిళ్ళని అరసేత్తో రుద్ది యెచ్చ సేసి ఆనించింది, ఎప్పుడూ అలాగే సేత్తాది. ఆడు నా వైపు సూసి పళ్ళికిలించేడు.

ఒక సోట ఇన్నాది. ఇంకో సోట ఇన్నాది. ఎడం పక్కకి తిరిగి తొంగోమంది. మళ్ళీ ఇన్నాది. ఇన్న కాడే ఇన్నాది.

నాకు నవ్వు ఆగిపోనాది.

"రాత్రుళ్ళు లేచి కూర్చుంటావా తాతబాబూ?"

"కూకుంటానమ్మా. తొంగుంటే ఊపిరాడదు. అందుకనే ఈ మూట."

"వల లాగేటప్పుడు ఆయాసమొస్తుందా?"

"వల లాగితే ఎవరికి రాదమ్మా?"

"చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చిందా?"

"మా అమ్మ సెప్పేది. మోకాళ్ళు బూరిల్లాగ పొంగీవంట."

"దగ్గితే ఎప్పుడైనా రక్తం పడిందా?"

"పోయిన్నెల్లో ఓపాలి ఎర్రగా పడింది. కిల్లీ అనుకున్నాను."

డాక్టరమ్మ గొట్టాలు సెవుల్లోంచి తీసింది. లేవలేదు. ఆవిడ కళ్ళు ముందు నా గుత్తి మీదికెల్లేయి, ఆ తరవాత వార్డంతా తిరిగేయి. అసిరమ్మ, గవర్రాజు తండ్రి, పరదా ఎనకాల రాధ. ఒక్క మాట అబద్దమాడితే సాలు. "ఏటీ లేదమ్మా" అంటే సాలు. బూట్లు సేత్తో పట్టుకుని ఆ మనిషి కారెక్కుతాడు, తాతబాబుని ఆ తరవాత పిలిసి సెప్పుకోవచ్చు. నానైతే అదే సేద్దును. మీరూ అదే సేద్దురు, నాకు తెల్సు, బడాయిలు పోకండి.

"ఉందమ్మా" అంది ఆదిలక్ష్మమ్మ గారితోటి. "గుండెలో ఒక కవాటం మూసుకుపోతోంది. చాలా రోజులైంది. నాలుగు రోజులు పక్కనే ఉన్నాడు, నేను పైకి చూడలేదు. తప్పు నాదే."

నాను సాయిశంకర్ మొగం సూసేను. గెలిసినోడి మొగం కాదది. కళ్ళు మూసుకుని రాయిసిరితే ఎవుడి బుర్రో పగిలినోడి మొగం. ఆయన సెయ్యి మెడ కాడికెల్లి ఆ గొట్టాన్ని తడుముకున్నాది, అదేటో ఇప్పుడే తెలిసినట్టు. ఒక్క మాట సాయం సెయ్యొచ్చు కదా? నిజం ఒప్పుకోవచ్చు కదా? ఊఁహూఁ. "ఐ టోల్డ్ యూ" అన్నాడు. ఆడి బతుక్కి అదే వొచ్చు.

యముడు మంచం ఖాళీ లేదని ఎల్లిపోలేదు. మంచం మీదోడి పక్కనే సర్దుకుని తొంగున్నాడు. నాలుగ్రోజులు నాను ఆ యముడితోటి కూడా ఎకసెక్కాలాడేను.

"తాతబాబూ, నువ్వీవేళ పడవెక్కకూడదు" అంది డాక్టరమ్మ. "నడిసముద్రంలో ఊపిరందకపోతే ఒడ్డుకి రాలేవు. పట్నంలో ఆపరేషన్ కావాలి. నేను రాసిస్తాను."

తాతబాబు సొక్కా తొడుక్కున్నాడు. నా వైపు సూసేడు. ఆడి మొగమంతా నవ్వు.

"అమ్మా, మిమ్మల్ని కూడా కలిపీసేడా ఈ బావ?"

"ఏటి కలపడం?" అన్నాను.

"సాల్లే బావా. తలూపమని కన్ను గీటింది నువ్వు కాదేటి? ఊపేను. కిల్లీ ముక్క కూడా బాగా సెప్పేనా? ఇంక ఆపు. పడవ టైమైపోతాది."

"తాతబాబూ, నిజంరా. ఆట ఇందాకటిది. ఇప్పుడు నిజం."

"మా అత్త సచ్చిపోయిందని కబురెట్టినప్పుడు కూడా నీ మొగం ఇలగే ఉంది బావా. తీరా ఏడుసుకుంటూ ఎల్తే మా అత్త నెత్తళ్ళు ఏపతన్నాది."

వార్డంతా మళ్ళీ నవ్వేరు. నాను నేర్పిన నవ్వే. ఒక్క రాధ నవ్వలేదు. పరదా పట్టుకుని అడిగింది: "అన్నా, ఇది నీ ఆటేనా? నిజం సెప్పు."

"నిజం సెల్లమ్మా. నీ గుంట మీద ఒట్టు."

అది నా మొగం సూసింది. ఆడి మొగం సూసింది. ఎవర్ని నమ్మాలో తెలీలేదు దానికి. నా పాతికేళ్ళ పేరు అది. ఆయన పాతికేళ్ళ ప్రాక్టీసు ఆయనకున్నట్టే నాదీ నాకున్నాది.

"పదిహేను రోజుల్లో వొచ్చెత్తాను రాధా, గుంటని సూసుకో" అన్నాడు తాతబాబు. సెయ్యడ్డం పెట్టిన డాక్టరమ్మకి దండమెట్టి పక్కనించి తప్పుకున్నాడు. వల మూట బుజానేసుకుని గేటు దాటేడు. తగరపువలస నుంచి పట్నం ఎల్లే బస్సు అప్పుడే వొచ్చి ఆగింది. ఫుట్‌బోర్డు ఎక్కేముందు ఒక్క సణం కమ్మీ పట్టుకుని ఆగేడు. రొమ్ము మీద సెయ్యేసుకుని ఊపిరి పీల్సుకున్నాడు. ఎనక్కి తిరిగి, నా వైపు సూసి, కన్ను గీటేడు.

బస్సు కదిలింది.

నాను జీపు కాడికి ఉరికేను. సగం దారిలో సఫారీ సూటు అడ్డమొచ్చింది.

"గుత్తి" అన్నాడు శ్రీరామ్మూర్తి, అరసెయ్యి సాసి. "మాటిచ్చావు. అందరూ విన్నారు."

ఆదిలక్ష్మమ్మ గారి వైపు సూసేను. ఆవిడ కళ్ళు నేలకేసి ఉన్నాయి. ఆవిడ మాట తప్పదు, అదే ఆవిడ గొప్ప.

వార్డు తాళం ఆ గుత్తిలో ఉన్నాది. జీపు తాళమూ ఆ గుత్తిలోనే ఉన్నాది. శ్రీరామ్మూర్తి ఏళ్ళు అప్పటికే దాని మీద పడ్డాయి. రోడ్డు మీద బస్సు మలుపు తిరుగుతన్నాది.